సర్వాంగ వ్యాయామం

ఉప్పల్ కూడలి నుండి నాచారం పారిశ్రామికవాడ వరకు తెల్లవారకముందే జనసంచారం మొదలవుతుంది. ఆ దారిన కళాశాలకు వెళ్ళే విద్యార్థులు మాత్రం బస్సులో కూర్చుంటారు, తరగతిలో కూర్చుంటారు, ఇల్లు చేరి మరల పుస్తకం ముందు కూర్చుంటారు. దినాంతానికి మనస్సుకు అలసట, దేహానికి జడత్వం మిగులుతాయి.

అద్దంలో కనిపించే కండల కోసం చేతులకు మాత్రమే శ్రమ కల్పిస్తే ఈ జడత్వం తీరదు. బస్కీలు తొడలకు, పిరుదులకు బలమిస్తాయి. దండీలు రొమ్మును, భుజాలను, పొట్ట కండరాలను ఒక్కసారిగా పనిచేయిస్తాయి. నీటి బకెట్లు ఎత్తి నడవడం వలన వీపు, పిడికిలి దృఢపడతాయి. పెద్ద కండరాలన్నీ శ్రమించినప్పుడు గుండె, ఊపిరితిత్తులు కూడా చురుకుగా పనిచేస్తాయి. రోజు విడిచి రోజు చేస్తే కండరాలు కోలుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

5 నుండి 17 ఏళ్ళ వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ, వారానికి కనీసం 3 రోజులు కండరాలను బలపరచే వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మహాబలశాలిగా ప్రసిద్ధికెక్కిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయునిగా పనిచేసినవారే. వ్యాయామం చదువులో భాగమనడానికి ఇంతకన్న నిదర్శనమేల?

ఆటస్థలం లేదన్నది సాకు మాత్రమే. దండీలకు చాపంత చోటు చాలు. పరీక్షల పేరిట వ్యాయామపు గంటను హరించడం విద్యార్థికి చేసే అన్యాయం. ఆ గంటను కళాశాల ఇవ్వాలి, విద్యార్థి వినియోగించుకోవాలి.