ఎర్త్ కడ్డీ పాతితే సరిపోదు



కరెంటు స్తంభం చేరని తోటల్లో, కొండ ఊళ్లలో సోలార్ పలకలు, బ్యాటరీలు, ఇన్వర్టర్ల మీదే నడిచే ఇళ్లున్నాయి. వాటిని బిగించేవాళ్లలో కొందరు పెరట్లో ఒక కడ్డీ పాతి, పచ్చ వైరు చుట్టి, ‘ఎర్తింగ్ అయిపోయింది’ అంటున్నారు. అంతమాత్రాన ఇంటికి రక్షణ వచ్చినట్టు కాదు.

లైన్ కరెంటులో న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే భూమికి కలుపుతారు. మోటారు బాడీకి ఫేజు తగిలితే కరెంటు ఎర్త్ గుండా అక్కడికే తిరిగి చేరుతుంది. ఫేజులో వెళ్లిన కరెంటుకూ, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన దానికీ మధ్య తేడా పసిగట్టి, లీకేజీకి సరఫరా ఆపే ఆర్‌సీసీబీ అనే స్విచ్ ట్రిప్ అవుతుంది. బ్యాటరీ ఇంట్లో ఆ ట్రాన్స్‌ఫార్మర్ స్థానం ఇన్వర్టర్‌ది. దాని న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపకపోతే లీకైన కరెంటుకు తిరిగొచ్చే దారి ఉండదు. మొదటి లోపం ఎవరికీ తెలియకుండా దాగి ఉంటుంది. మరోచోట రెండో వైరు కూడా భూమిని తాకితే ముట్టుకున్నవారి ప్రాణం మీదికొస్తుంది.

న్యూట్రల్‌కొక కడ్డీ, మోటారుకొక కడ్డీ విడివిడిగా పాతినా చాలదు. రాతి నేలలో, ఎండాకాలంలో మట్టి నిరోధం బాగా పెరుగుతుంది. ఆ దారిలో 20 ఓములున్నా 230 వోల్టులకు పారేది 11.5 ఆంపియర్లే. అధిక కరెంటుకు సరఫరా ఆపే 20 ఆంపియర్ల ఎంసీబీ స్విచ్ దానికి కదలదు. అందుకే మోటారు బాడీ, పలకల ఫ్రేములు, ఇన్వర్టర్ పెట్టె అన్నీ రాగి వైరుతో ఒకే ఎర్త్ బార్‌కు చేరాలి. న్యూట్రల్ కూడా అక్కడే, ఒక్కచోట మాత్రమే కలవాలి. కొన్ని ఇన్వర్టర్లకు ఈ కలయిక పనికిరాదు. కొన్ని లోపలే కలుపుకొని, లైన్ కరెంటు వచ్చినప్పుడు తామే విడగొడతాయి. కాబట్టి మాన్యువల్ చూడకుండా చేయకూడదు. ఆపై 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. బ్యాటరీ పక్కనే డీసీకి తగిన ఫ్యూజు కూడా ఉండాలి. షార్ట్ అయితే మంటను ఆపేది అదే.

ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కి, ట్రిప్ అయింది చూడండని చూపిస్తే నమ్మవద్దు. ఆ బటన్ ఫేజు, న్యూట్రల్ మధ్యే పనిచేస్తుంది. ఎర్త్ అసలే లేకున్నా ట్రిప్ అవుతుంది. ప్లగ్గు దగ్గర ఫేజు నుంచి ఎర్త్‌కు లీకేజీ కల్పించే టెస్టర్ పెట్టి చూస్తేనే నిజం బయటపడుతుంది.

సౌర విద్యుత్ పథకాలు చూసే నెడ్‌క్యాప్, రెడ్‌కో వంటి ప్రభుత్వ సంస్థలకు నా వినతి ఒక్కటే. బ్యాటరీ సిస్టమ్ బిగించే ప్రతి పథకంలోనూ బిల్లు పాస్ చేసేముందు ఎర్త్ నిరోధం కొలత, ప్లగ్గు దగ్గరి లీకేజీ పరీక్ష ఫలితం కాగితం మీద తీసుకోండి. సొంత డబ్బుతో పెట్టించుకునేవారు కూడా ఆ కాగితం చేతికొచ్చాకే ఆఖరి వాయిదా చెల్లించాలి. బ్యాటరీల ధర ముందు ఈ పరీక్షల ఖర్చు ఏపాటిది?

– ఒక పాఠకుడు,
అనంతపురం జిల్లా