పుస్తకం సెకండ్ హ్యాండ్ పర్లేదు, టైరు మాత్రం కొత్తదే

ఈసారి పార్కింగ్ షెడ్డుకి వెళ్ళినప్పుడు ఓ పది బళ్ళ టైర్లు వంగి చూడండి. సైలెన్సర్ మార్చిన బళ్ళు కనిపిస్తాయి. ట్యాంకు మీద స్టిక్కర్లు, హ్యాండిల్‌కి ఫోన్ హోల్డరు, అద్దాల పక్కన రంగు లైట్లు కనిపిస్తాయి. కింద టైరు మాత్రం నున్నగా గుండు కొట్టించుకుని ఉంటుంది. "మార్చరా" అంటే జవాబు రెడీగా ఉంటుంది: "నెలాఖరు మామా, ఇంకో సెమ్ లాగేద్దాం."

డబ్బుల్లేవు అన్న మాటని నేను కాదనను. మనలో చాలామంది నడిపేది నాన్న పదేళ్ళు తొక్కి ఇచ్చిన బండి. మెస్ బిల్లు, బస్ పాస్, పరీక్ష ఫీజు అయ్యాక మిగిలేది ఎంతో అందరికీ తెలుసు. అందుకే ఈ ఊళ్ళో సెకండ్ హ్యాండ్ అనేది చిన్నతనం కాదు, తెలివి. లెనిన్ సెంటర్‌లో సగం రేటుకి పాత పుస్తకం కొని పాసైన సీనియర్లు ఎంతమంది లేరు? కానీ పుస్తకానికి పనికొచ్చిన సూత్రం టైరుకి పనికిరాదు. పాత పుస్తకంలో లెక్క మారదు. పాత టైరులో రబ్బరు మారిపోతుంది.

మొదట మనల్ని మోసం చేసే సంగతి చెప్తాను. ఎండాకాలం పొడి రోడ్డు మీద బోడి టైరు కూడా బాగానే పట్టుకుంటుంది. రేసు బళ్ళకి అసలు గీతలే ఉండవు. "ఇన్నాళ్ళూ ఏం కాలేదుగా" అనే ధైర్యం అక్కణ్ణుంచే వస్తుంది. టైరు మీద గీతలు ఉన్నది నీళ్ళని పక్కకి తోసెయ్యడానికి. ఆ పని జూన్‌లో మొదటి వాన పడేదాకా మనకి కనపడదు. ఆ మొదటి వానకే నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము కలిసి జిగటగా తయారవుతాయి. పొద్దున్నే కాళేశ్వరరావు మార్కెట్ పక్కనుంచి వచ్చేవాళ్ళకి, చిట్టినగర్ సొరంగం దాటి వచ్చేవాళ్ళకి, వన్ టౌన్ సందుల్లో సరుకు లారీల మధ్య బ్రేకు కొట్టేవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు.

ఇంజనీరింగ్ చదువుతున్నాం కాబట్టి ఒక చిన్న లెక్క. ఆగే దూరం వేగం వర్గానికి అనులోమం, రోడ్డు పట్టుకి విలోమం. గంటకి 50 కిలోమీటర్ల మీద ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే బ్రేకు పడ్డాక సుమారు 14 మీటర్లలో ఆగుతాం. అది సగమై 0.35కి పడిపోతే 28 మీటర్లు కావాలి. ఆ పై 14 మీటర్లు ఒక ఆర్టీసీ బస్సు పొడవు కంటే ఎక్కువ. ఏబీఎస్ ఉందిగా అనొద్దు. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది, లేని పట్టుని పుట్టించదు.

ఇక డబ్బుల లెక్క. కొత్త టైరు రెండు వేలు, 20 వేల కిలోమీటర్లు వస్తుందనుకుందాం. కిలోమీటరుకి పది పైసలు. పాత టైరు ఏడొందలకి దొరికి, ఐదు వేల కిలోమీటర్లే వస్తే కిలోమీటరుకి పద్నాలుగు పైసలు. పైగా మళ్ళీ మళ్ళీ విప్పి బిగించిన కూలీ, పంచర్లు. మీ బండికి మీ అంకెలు వేసుకోండి. టైరు రేటు కాదు, కిలోమీటరు రేటు చూడాలన్నదే నా పాయింటు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పాత రేటు గుర్తుపెట్టుకుని భయపడేవాళ్ళు మళ్ళీ ఒకసారి అడిగి చూడండి.

అన్నిటికంటే ప్రమాదం, అరిగిన టైరుకే కత్తితో మళ్ళీ గీతలు చెక్కించడం. చూడ్డానికి కొత్తదిలా ఉంటుంది. నిజానికి లోపలి దారాల మీద మిగిలిన పల్చటి రబ్బరుని కూడా తీసేశారన్నమాట.

కొత్తది కొనేటప్పుడు కూడా పొదుపు చెయ్యొచ్చు, కాకపోతే చోటు తెలిసి చెయ్యాలి. పక్క గోడ మీద గుడ్డు ఆకారంలో నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని. షాపులో ఏళ్ళ తరబడి వేలాడిన పాత స్టాకుకి కొత్త రేటు ఇవ్వొద్దు. ఐఎస్‌ఐ గుర్తు చూడండి, మన దేశంలో అది తప్పనిసరి. 80/100-18, 47పీ లాంటి అంకెలు మీ బండి పుస్తకంలో ఏమున్నాయో అవే అడగండి. అందులో 47 అంటే ఆ టైరు 175 కిలోలు మొయ్యగలదని, పీ అంటే 150 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని అర్థం.

లుక్కు కోసం లావు టైరు వేయించడం నా దృష్టిలో డబ్బులిచ్చి నష్టం కొనుక్కోవడమే. సన్న రిమ్ములో లావు టైరు నొక్కుకుపోయి ఆకారం మారుతుంది, చైను కవరుకి రాసుకోవచ్చు, మైలేజీ కూడా తగ్గుతుంది. ఆ మిగిలిన డబ్బుతో కొత్త ట్యూబు వేయించండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట వైపు నీళ్ళలో నానిన బళ్ళవాళ్ళైతే రిమ్ము లోపల తుప్పు కూడా గీకించాలి. ఆ తుప్పే ట్యూబుని కొరికేస్తుంది.

ఇంకో అలవాటు. వెనకది త్వరగా అరుగుతుంది కాబట్టి దాన్నే మారుస్తాం, ముందుది ఏళ్ళకేళ్ళు వదిలేస్తాం. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకే తూలుతుంది. వెనక చక్రం జారితే కొన్నిసార్లు సర్దుకోవచ్చు, ముందుది జారితే పడటమే. పక్క గోడ మీద సన్న పగుళ్ళు కనిపిస్తే గీతలు ఎంత లోతున్నా మార్చేయండి.

మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనానికి గీతల లోతు 0.8 మిల్లీమీటర్లు ఉంటే చాలు. అది చలానా తప్పించుకోడానికి సరిపోతుందేమో, మన వానలకి చాలదు. 2022లో కేంద్రం తడి రోడ్డు మీద పట్టుకి కనీస ప్రమాణం పెట్టింది, కానీ కార్లు, బస్సులు, లారీల టైర్లకే. రెండు చక్రాల మీద తడిసేవాళ్ళకి ఆ పరీక్ష ఎందుకు లేదు? ఈ ప్రశ్న మనమే అడగాలి.

అంతదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. గేటు దగ్గర హెల్మెట్ చూస్తున్నారు కదా, వానలకి ముందు ఒక్కరోజు మెకానికల్ బ్రాంచి వాళ్ళు షెడ్డులోనే టైర్లు కూడా చూసి చెప్తే చాలు. ఖర్చేమీ లేదు. మన వెనక కూర్చునేవాడు టైరు చూసి ఎక్కడు, మనల్ని చూసి ఎక్కుతాడు.