ముందు బేరింగు, తర్వాతే హార్స్‌పవర్

పాత పోర్షే 911 మీద మనసు పడ్డ అమెరికా కుర్రాళ్లకు కాస్త అందుబాటు ధరలో దొరికేది 996 మోడల్. గాలితో చల్లబడే ఇంజను వదిలి, 911 రేడియేటరుకు మారింది 1997లో వచ్చిన ఈ కారుతోనే. అటు మూడు, ఇటు మూడు సిలిండర్లు, 3.4 లీటర్లు, 300 హార్స్‌పవర్. ఇప్పుడు దీని వయసు పాతికేళ్లు. ఇంజను టకటకలాడుతూ ఆయిల్ తాగడం మొదలయ్యాక యజమానికి రెండు దారులు కనిపిస్తాయి. ఉన్నది ఉన్నట్టు బాగుచేయించడం ఒకటి. ఎలాగూ దించాం కదా అని మరింత బలంగా చేయించడం రెండోది.

చాలామంది మనసు రెండోదాని వైపే లాగుతుంది. దించి ఎక్కించే కూలి ఎటూ తప్పదు కాబట్టి ఆ ఆలోచనలో న్యాయం లేకపోలేదు. అయితే ఈ ఇంజను దేనివల్ల పాడవుతుందో తేలకుండా ఆ లెక్క వేయకూడదు.

క్రాంకు తిరుగుడును గొలుసుల ద్వారా క్యామ్ షాఫ్టులకు అందించే నడిమి షాఫ్టు ఒకటి ఇందులో ఉంది. దాని చివర సీలు వేసిన బాల్ బేరింగు. సీలు వదులైతే లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది, బంతులు అరుగుతాయి, ఇనుప రజను ఆయిల్‌తో పాటు ఇంజనంతా తిరుగుతుంది. గొలుసు పన్ను జారితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. ఈ బేరింగుపై అమెరికాలో యజమానులు కోర్టుకెళ్లారు. 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి మధ్య తయారైన కార్ల విషయంలో 2013లో రాజీ కుదిరింది. 2009 మోడల్ 911కి వచ్చిన కొత్త ఇంజనులో పోర్షే ఆ షాఫ్టునే తీసేసింది. 996 కాలపు టర్బో, జీటీ3 కార్లకు ఈ బెడద లేదు. వాటి ఇంజను వేరు. పోర్షే ఇంజనీరు హన్స్ మెట్స్‌గర్ రూపొందించిన రేసు ఇంజన్ల వంశం అది.

అందుకే పైసా ఖర్చుపెట్టే ముందు ఆయిల్ ఫిల్టరు కోసి చూడాలి. రజను మెరిస్తే బలం పెంచే ఊసే వద్దు. బేరింగు పూర్తిగా విరిగిపోయిన ఇంజను చాలాసార్లు బాగుచేయడానికి కూడా పనికిరాదు.

సిలిండరు గోడలపై గీతలు పడితే కథ మారుతుంది. ఈ గోడలు సిలికాన్ కలిసిన అల్యూమినియంవి. మామూలు పోత ఇనుము బ్లాకులా బోరు కొట్టించి పెద్ద పిస్టన్ వేస్తే సరిపోదు. గోడను తొలిచి నికాసిల్ పూత పూసిన కొత్త స్లీవులు దించాలి. సరిగ్గా ఇక్కడే బాగుచేయడం, పెంచడం ఒకటవుతాయి. తొలవక తప్పనప్పుడు 96 మిల్లీమీటర్ల బోరును 99 చేయిస్తే 3.4 లీటర్లు 3.6 అవుతుంది. ఈ ఒక్క పెంపు నిస్సందేహంగా సబబు.

ఆశ మాత్రం అదుపులో ఉండాలి. పాత దామాషాలోనే లెక్కిస్తే అదనంగా వచ్చేది 20 హార్స్‌పవర్‌కు కాస్త అటూఇటూ. టర్బో తగిలిద్దామంటే 11.3 కంప్రెషన్ ఒప్పుకోదు, పిస్టన్లు మార్చాలి. ఆపైన క్లచ్, గేర్‌బాక్స్, రేడియేటర్లు, బ్రేకులు ఒకదాని వెంట ఒకటి బిల్లులో చేరతాయి.

హైదరాబాదు, విజయవాడల్లో ఇలాంటి కారున్నవారు చట్టం కూడా చూసుకోవాలి. ఇంజను మారిస్తే ఆర్టీఏ ఆమోదం, ఆర్సీలో నమోదు తప్పవు. కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

రేస్ ట్రాకు మీద నడిపే వారి అవసరం వేరు. పొడవాటి మలుపుల్లో వేగంగా తిరిగేటప్పుడు ఆయిల్ ఒక పక్కకు చేరి పంపుకు అందకుండా పోతుంది. అలాంటి వారు కొత్త స్లీవులు, మంచి బేరింగు వేయించాక చేతిలో మిగిలిన డబ్బును సంపులో అడ్డుపలకలకు, ఆయిల్ కూలరుకు పెట్టాలి. హార్స్‌పవర్ కోసం పెట్టే డబ్బు ఆ రెండూ అయ్యాకే.