నాన్నగారికి కాలువ గట్టు చూపించండి

ఎండాకాలం వచ్చిందంటే న్యూజెర్సీలో మన ఇళ్ళన్నీ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కళకళలాడుతుంటాయి. పచ్చళ్ళు, పొడులు, మనవళ్ళతో కబుర్లు, మొదటి రెండు వారాలూ హాయిగా గడుస్తాయి. ఆ తర్వాతే అసలు ఇబ్బంది. కొడుకూ కోడలూ ఆఫీసుకి, పిల్లలు బడికో సమ్మర్ క్యాంపుకో వెళ్ళిపోతే ఇల్లు బోసిపోతుంది. ఊళ్ళో తెల్లారకుండానే లేచి చెరువు గట్టు దాకా నడిచొచ్చే మనిషి ఇక్కడ సోఫాకీ టీవీకీ అతుక్కుపోతారు. కారు నడపలేరు. చాలా కాలనీల్లో రోడ్డు పక్కన నడవడానికి సైడ్‌వాక్ కూడా ఉండదు. మూడో నెల వచ్చేసరికి 'టికెట్టు ముందుకి జరపరా అబ్బాయ్' అని మొదలుపెడతారు. షుగరూ బీపీ ఉన్నవాళ్ళకి నడక మానేస్తే ఒంటికీ మంచిది కాదు.

ఒంటరిగా పంపడానికి మనకీ ధైర్యం చాలదు. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రం మాడిసన్‌లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ళ పెద్దాయన కొడుకు ఇంటి దగ్గరే నడుస్తుంటే ఎవరో అనుమానపడి పోలీసులకి ఫోన్ చేశారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. పోలీసు నేలకేసి పడదోస్తే మెడ దగ్గర వెన్నుకి దెబ్బ తగిలి, కాళ్ళూ చేతులూ సరిగ్గా ఆడని స్థితికి వచ్చారు. నడవడమే ఆయన చేసిన పని.

అందుకే మేము చెప్పేది ఒకటే. పెద్దవాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టకండి, నలుగురూ నడిచే చోటికి తీసుకెళ్ళండి. అలాంటి దారులు మన పక్కనే ఉన్నాయి, పైసా ఖర్చు లేదు.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది డెలావేర్ అండ్ రారిటన్ కెనాల్ గట్టు. న్యూబ్రన్స్‌విక్ నుంచి ప్రిన్స్‌టన్, ట్రెంటన్ మీదుగా బోర్డెన్‌టౌన్ దాకా 44 మైళ్ళ కాలువ ఇది. ఒకప్పుడు పెన్సిల్వేనియా బొగ్గు పడవల్లో దీని మీదుగానే న్యూయార్క్ వైపు వెళ్ళేది. మన గోదావరి కాలువల మీద గట్టున మనుషులు తాడు పట్టి పడవలు లాగినట్టే, ఇక్కడ కంచర గాడిదలు లాగేవి. అవి నడిచిన గట్టే ఇప్పుడు మన నడకదారి. ఎత్తుపల్లాలు లేవు కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకీ కష్టం ఉండదు. కింగ్‌స్టన్‌లో రూట్ 27 పక్కన, గ్రిగ్స్‌టౌన్‌లో, బ్లాక్‌వెల్స్ మిల్స్‌లో కారు ఆపుకుని దిగితే చాలు. దుంగల మీద ఎండ కాచుకునే తాబేళ్ళు, నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలు కనిపిస్తాయి.

ఈ కాలువ తవ్విందెవరో కూడా పెద్దవాళ్ళకి చెప్పండి. 1830 నుంచి 1834 వరకు పారలతో, పలుగులతో దీన్ని తవ్వినవాళ్ళలో ఎక్కువమంది పొట్టకూటి కోసం సముద్రం దాటొచ్చిన ఐరిష్ కూలీలు. 1832లో కలరా వచ్చి వాళ్ళలో ఎందరో ఇక్కడే పోయారు. 1932 తర్వాత పడవలు ఆగిపోయాయి, 1974లో స్టేట్ పార్కు అయింది. ఇవాళ మధ్య న్యూజెర్సీలో ఎన్నో ఇళ్ళ కుళాయిల్లోకి వచ్చే నీళ్ళు ఈ కాలువవే.

ఎడిసన్ వాళ్ళకి ఇంకా దగ్గర్లో మిడిల్‌సెక్స్ గ్రీన్‌వే ఉంది. పాత రైలు పట్టాలు తీసేసి మెటుచెన్, ఎడిసన్, వుడ్‌బ్రిడ్జ్ మీదుగా వేసిన మూడున్నర మైళ్ళ దారి. చాలావరకు వంతెనల మీదుగానో కింది నుంచో పోతుంది కాబట్టి కార్ల బెడద తక్కువ. ప్లెయిన్స్‌బొరో వాళ్ళకి ప్లెయిన్స్‌బొరో ప్రిజర్వ్, అందులో చెరువు, చుట్టూ అడవి ఉన్నాయి.

వెళ్ళేముందు కొన్ని జాగ్రత్తలు. మొదటిది టిక్ పురుగు. మన పశువులకి పట్టే పిడుదు జాతిదే. పిల్ల పురుగు గసగసాల గింజంత ఉంటుంది, అది మోసే లైమ్ జబ్బు కీళ్ళనీ గుండెనీ కూడా పట్టుకుంటుంది. మే నుంచి జూలై వరకు దీని బెడద ఎక్కువ. లేతరంగు ప్యాంటు వేసుకుని, అంచులు సాక్సులోకి దోపుకోవాలి. దారి మధ్యలోనే నడవాలి. ఇంటికొచ్చాక చంకలు, మోకాళ్ళ వెనక, చెవుల వెనక వెతుక్కోవాలి. అంటుకుని ఉంటే సన్నటి ట్వీజర్లతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగేయాలి. తర్వాత కొన్ని రోజులకి అక్కడ ఎర్రటి మచ్చ పెరుగుతున్నా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకి చూపించాలి.

రెండోది పాయిజన్ ఐవీ. మూడేసి ఆకులతో అచ్చం మారేడు దళంలా ఉంటుంది. అమ్మగారు పూజకని చెయ్యి వేస్తే వారాల తరబడి దురద, బొబ్బలు. అసలు పార్కుల్లో పూలు, ఆకులు కోయడం నిషేధం కూడా.

మూడోది, జేబులో ఒక కాగితం. మీ పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, 'నాకు ఇంగ్లీషు రాదు, మా అబ్బాయికి ఫోన్ చేయండి' అని ఇంగ్లీషులో రాసివ్వండి. ఎవరైనా ఆపితే కదలకుండా నిలబడాలని, చేతులు కనబడేలా ఉంచాలని, కాగితం జేబులో ఉందని సైగ చేసి వాళ్ళు సరేనన్నాకే తీయాలని ముందే చెప్పండి.

మొదటి రెండు మూడు శనివారాలు మీరే వెంట వెళ్ళండి. అక్కడ మన ఊరివాళ్ళో, పక్క జిల్లావాళ్ళో మరో జంట కనిపించకపోరు. పరిచయమైతే వారం మధ్యలో ఒకరి కారులో నలుగురు పెద్దవాళ్ళు వెళ్ళొచ్చు. ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ఊరికి తిరిగి వెళ్ళాక వాళ్ళు చెప్పుకునే అమెరికాలో మాల్స్‌తో పాటు ఒక కాలువ గట్టు కూడా ఉండనివ్వండి.