మన తోట: లిల్లీ అన్నదల్లా లిల్లీ కాదు

తొలకరి జల్లులు పడగానే మన కాలనీలో క్వార్టర్ల ముందు మళ్ళీ రంగులు విచ్చుకున్నాయి. వేసవి పొడవునా మట్టిలో నిద్రించిన గడ్డలు ఒక్కసారిగా తలలెత్తడం చూడముచ్చటైన దృశ్యమే. అయినా ఈ మాసం మేము వాటి అందం గురించి కాక, వాటిని గుర్తుపట్టడం గురించి వ్రాయదలచాము. అందుకొక కారణమున్నది.

ప్రహరీ గోడ ప్రక్కన పొదలు కొట్టిస్తుండగా దొరికిన దుంపనొకదానిని ఒక సోదరి సంచిలో వేసుకొని మా వద్దకు తెచ్చారు. ఇది పెండలమేనా, పులుసు పెట్టుకోవచ్చునా అన్నది ఆమె సందేహం. నాగలివలె రెండు కొమ్ములుగా చీలిన ఆ దుంపను చూడగానే మా గుండె ఝల్లుమన్నది. అది అడవినాభి! కలప్పగడ్డ, పొత్తిదుంప అన్నా ఇదే. నాగలి ఆకారం వల్లనే సంస్కృతంలో దీనికి లాంగలి అని పేరు. ఆంగ్లేయులు గ్లోరీ లిల్లీ అన్నారు. తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం.

పసుపుగా విచ్చి క్రమంగా అగ్నివర్ణం దాల్చే ఆరు రేకులు, అంచులు అలలు తిరిగి వెనుకకు మడచుకొని ఉంటాయి. పూవున్నప్పుడు ఎవరైనా గుర్తించగలరు. పూవు లేనప్పుడు ఆకు కొనను చూడాలి. అది నులితీగగా మారి, దొరికిన కొమ్మను చుట్టుకుంటుంది. పెండలం ఆకు తమలపాకును పోలి ఉంటుంది. దాని కొన చుట్టుకోదు. తీగ నుండి విడిపోయిన దుంపకు ఈ సాక్ష్యం ఉండదు గనుక, ఆకు చూడని దుంపను పొయ్యి దగ్గరకు రానీయకూడదు.

నాభి దుంపలోనూ గింజలలోనూ కోల్చిసిన్ అనే విషమున్నది. అది జీవకణాల విభజనను ఆపివేస్తుంది. అందువల్లనే త్వరత్వరగా కణాలు పుట్టే పేగుల లోపొర, ఎముకల మజ్జ, వెంట్రుకల కుదుళ్ళు ఎక్కువగా దెబ్బ తింటాయి. శ్రీలంకలో ఈ దుంప తిన్న ఒకరికి జుట్టంతా రాలిపోయిన వైనం 1966లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఇదే పదార్థం వైద్యుని కొలతలో కీళ్ళవాతానికి మందు. దానికోసమే తమిళనాడు రైతులు గింజల నిమిత్తం నాభిని సాగు చేస్తారు.

ఇక పేర్ల గందరగోళం. దండలలో గుచ్చే మన లిల్లీ పూవు మెక్సికో నుండి వచ్చింది. అది కిత్తనారకు చుట్టం. కలువను వాటర్ లిల్లీ అనడం మరీ దూరపు వరుస! అసలైన లిల్లీ గడ్డకు పైపొట్టు ఉండదు. దళసరి పొలుసులు విడివిడిగా కనబడతాయి. కాండం పొడవునా ఆకులుంటాయి. మణిపుర్ కొండలలో పూచే శిరుయ్ లిల్లీ అటువంటిది.

మన కుండీలలోనివి చాలావరకు వేరే కుటుంబానివి. వాటి గడ్డకు ఉల్లిలాగా పొట్టుంటుంది; ఆకులన్నీ నేల నుండే వస్తాయి; పూవును తిప్పి చూస్తే రేకులకు దిగువన పచ్చని బుడిపె కనబడుతుంది. అదే అండాశయం. అసలైన లిల్లీలో అది రేకుల లోపల ఉంటుంది. నర్సరీవారు అమరిల్లిస్ అని అమ్మేది తరచుగా హిప్పియాస్ట్రమ్. కాడ కోస్తే లోపల బోలుగా ఉంటుంది. కాడకొక్క పూవు పూసేది రెయిన్ లిల్లీ. కేసరాలను కలుపుతూ తెల్లని పలుచటి గిన్నె ఉంటే స్పైడర్ లిల్లీ, గిన్నె లేక కేసరాలు విడివిడిగా ఉంటే విషమూంగలి. ఈ గడ్డలు తింటే వాంతులవుతాయి. పసిపిల్లలున్న ఇళ్ళలో తవ్విన గడ్డలను వంటింటి ఉల్లిబుట్ట ప్రక్కన ఆరబెట్టవద్దని మా మనవి.

ఉల్లి అంటే జ్ఞాపకం వచ్చింది. బీడు భూములలో దొరికే నక్కవుల్లి గడ్డ అచ్చం ఉల్లిగడ్డే అనిపిస్తుంది గాని, నలిపితే ఉల్లి వాసన రాదు. దాని విషం గుండెపై పనిచేస్తుంది.

పొరపాటున ఎవరైనా తిన్నట్లు తెలిస్తే లక్షణాల కోసం వేచి ఉండక, మిగిలిన దుంపను, ఆకును వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. నాభి తిన్నవారు మొదటి కొన్ని గంటలు మామూలుగానే కనిపించవచ్చు.

ఆ సోదరి తెచ్చిన దుంపను మేము కంచె లోపల, పిల్లలకు అందని మూల నాటి, పేరు వ్రాసిన రేకును గ్రుచ్చాము. ఇప్పటికే మొలక వచ్చింది. పూచిన తరువాత చూడ వచ్చేవారు రావచ్చును. తాకిన చేతులు కడుగుకోవడానికి కొళాయి ప్రక్కనే ఉన్నది.