సాతాను పేరు లేని మూడు ఉత్తరాలు



పోయిన వారం ఒక తల్లి తన కుమారుని ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. "అయ్యగారూ, వీడు దయ్యాల పాటలు వింటున్నాడు, ప్రార్థన చేయండి" అని ఏడ్చింది. ఆ ఆల్బమ్ పేరు చూసి నేనే ఉలిక్కిపడ్డాను. 'సెవెన్ చర్చెస్', అంటే ప్రకటన గ్రంథములోని ఏడు సంఘములు! సంగతి తెలిసిన పెద్దలు కొందరు, అబ్బాయిని క్వయర్‌లోనుండి తీసేయమన్నారు. వినకుండా తీర్పు తీర్చకూడదని మొత్తం పది పాటలూ విన్నాను.

శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు కుర్రాళ్లు 'పొసెస్డ్' అని, అంటే దయ్యం పట్టినవారని, తమకు తామే పేరు పెట్టుకొని 1985లో తెచ్చిన మొదటి ఆల్బమ్ ఇది. డెత్ మెటల్ అనే సంగీతం దీనితోనే మొదలైందని చాలామంది అంటారు. చివరి పాట పేరు కూడా అదే. వారిలో కొందరు అప్పటికింకా హైస్కూలు పిల్లలు. ఈస్టరు సెలవుల్లో దీన్ని రికార్డు చేశారు. ప్రభువు మరణాన్ని గెలిచిన పండుగకు ఇచ్చిన సెలవుల్లో!

నా అభిప్రాయం దాచను. ఆ వేళ్లలో వేగముంది, వెనుక కష్టముంది. వారానికి ఒక గంట సాధనకు రాని మన క్వయర్ ఆ మాట ఆలోచించుకోవాలి. కానీ లోపల సరుకు లేదు. మొదటి పాట 'ఎగ్జార్సిస్ట్' సినిమా సంగీతంతో మొదలవుతుంది. అంటే ఆ భయం కూడా అరువు తెచ్చుకున్నదే. పరిశుద్ధమైన దానిని ఎగతాళి చేయడం పాపమే, అందులో సందేహం లేదు. ఏడు సంఘాల పేరైతే తీసుకున్నారు గాని ఆ ఉత్తరాలు చదివిన జాడ నాకు కనబడలేదు.

మరి మనం చదివామా? 2, 3 అధ్యాయాలు తెరిచి లెక్కపెట్టండి. స్ముర్న, పెర్గము, తుయతైర, ఫిలదెల్ఫియ సంఘాలకు రాసిన నాలుగు ఉత్తరాల్లో సాతాను పేరుంది. ఎఫెసు, సార్దీస్, లవొదికయ ఉత్తరాల్లో లేదు. సాతాను పేరున్న నాలుగింటిలో స్ముర్న, ఫిలదెల్ఫియ ప్రభువు చేత ఒక్క గద్దింపూ పొందలేదు. పేరు లేని మూడింటి సంగతి చూడండి. ఎఫెసు మొదటి ప్రేమను వదిలేసింది. సార్దీస్ బ్రతికి ఉన్నానని పేరు మాత్రం పెట్టుకొని చచ్చి ఉంది. లవొదికయ నులివెచ్చగా ఉండి, ప్రభువును తలుపు బయట నిలబెట్టింది.

సాతాను బయట అరిచిన చోట సంఘం చావలేదు. ఏ అరుపూ లేని చోట నిద్రలోనే చచ్చింది. ఫోనులోని గర్జనకు వణికే మనం, రెండేళ్లుగా ఒకే బెంచీ మీద కూర్చుంటూ మాట్లాడుకోని అన్నదమ్ములను చూసి ఎందుకు వణకం? ఆ పిల్లలు చావు పేరు బాహాటంగా పెట్టుకున్నారు. సార్దీస్ చావు మీద జీవం అని రాసుకుంది. ఏది ఎక్కువ మోసం?

ఇంకొక మాట. ఆ పాటలు పాడిన జెఫ్ బెసెర్రాను 1989లో దోపిడీదారులు తుపాకీతో కాల్చారు. నాటినుండి ఆయన చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. "చూశారా, దేవుని శిక్ష!" అని ఎవరూ ప్రసంగించకండి. సిలోయము గోపురము కూలి చనిపోయిన 18 మంది గురించి ప్రభువు ఏమన్నాడో లూకా 13లో చదవండి. వారు మిగతావారికంటె పాపులు కారు, మీరు మారుమనస్సు పొందండి అనే కదా ఆయన భావం.

అబ్బాయికి ఫోను తిరిగి ఇచ్చేశాను. "ఇది నీ ఆత్మకు మేలు చేయదు నాయనా" అని చెప్పాను. క్వయర్‌లోనుండి తీయలేదు. ఆదివారం సాయంత్రం యౌవనస్థుల కూటంలో ఆ ఏడు ఉత్తరాలనూ అతడే చదువుతాడు. పెద్దలు కూడా రావాలి. ముందు వరుసలో కూర్చోవాలి.

చెవి గలవారమై విందుము గాక. ఆమేన్.