సొమ్మెవరిది? పేరెవరిది?

"నీకేమమ్మా, గల్ఫులో టీచరువి! ఇన్‌కంటాక్సు లేదు, పాడూ లేదు. జీతం జీతంగా మిగులుతుంది!"

వేసవి సెలవులకి ఇంటికొచ్చిన ప్రతి టీచరమ్మా ఈ మాట కనీసం ఇరవైసార్లు వింటుంది. అనేవాళ్ళు అభిమానంగానే అంటారు. పెట్టెలోంచి ఖర్జూరాలూ, చాక్లెట్లూ తీసి పంచుతూ ఆవిడా నవ్వి ఊరుకుంటుంది. నాకు మాత్రం "మిగులుతుంది" అన్న ఆ ఒక్క మాట మీదే పేచీ. మిగలడం సరే, ఎవరికి మిగులుతోంది?

దుబాయి, అబూధాబీ, దోహా, కువైట్, మస్కట్... ఎక్కడ చూసినా ఏదో ఒక "ఇంటర్నేషనల్" స్కూలు, అందులో లెక్కలో, సైన్సో చెప్పే తెలుగావిడ కనిపిస్తారు. ఎమ్మెస్సీ, బీయెడ్‌లు చదివినవాళ్ళు. చాలామంది మొగుడి వెంట వెళ్ళి, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక ఉద్యోగంలో చేరినవాళ్ళే. ఆ స్కూళ్ళు బోర్డు మీద మాత్రమే అంతర్జాతీయం. జీతాల దగ్గరికొచ్చేసరికి ఎవరి జాతి వాళ్ళదే! ఇంగ్లండు నుంచో, అమెరికా నుంచో పిలిపించుకున్న టీచరుకి ఇల్లూ, ఏడాదికోసారి విమానం టిక్కెట్టూ, పిల్లల ఫీజూ స్కూలే చూసుకుంటుంది. మన సిలబస్ చెప్పే స్కూళ్ళలో జీతం మామూలుగా అందులో సగం కూడా ఉండదు. అందులోనూ మనావిడ భర్త వీసా మీద ఉంటే ఆవిడకి "లోకల్ హైర్" అని ఇంకో ముద్ర. "మీకు ఇల్లుంది కదా, మీ ఆయన ఉన్నారు కదా" అని ఇంటద్దె కోసేస్తారు. పాఠం అదే, దిద్దే నోటుపుస్తకాల దొంతరా అదే.

సరే, స్కూలు సంగతి స్కూలుది. ఆ కోసేసిన అద్దె ఎక్కడికి పోయిందో చూడండి. ఆయన కడుతున్నారు. "ఇల్లు నేను నడుపుతున్నాను, కనక నీ జీతం పైఖర్చులకి" అన్న ఏర్పాటు అక్కడే మొదలవుతుంది. పైఖర్చులు అంటే ఏమిటనుకున్నారు? పిల్లల ఫీజులు, ఆడపడుచు పెళ్ళి, మామగారి కంటి ఆపరేషను, మరిదిగారి ఇంజనీరింగు సీటు. అవన్నీ అయ్యాక ఇంకా ఏమైనా ఉంటే శంషాబాద్ అవతల రెండొందల గజాల స్థలం. అది ఆయన పేరు మీద. ఆవిడ సెలవు రెండు నెలలే, రిజిస్ట్రేషన్ నాటికి ఆవిడ ఊళ్ళో లేదు, పవరాఫటార్నీ మరిదిగారి దగ్గరుంది, పైగా "ఎవరి పేరున ఉంటే ఏమిటి?"

అవును, ఎవరి పేరున ఉంటే ఏమిటి? ఆవిడ పేరునే ఉండనిద్దాం మరి!

ఆ మాటంటేనే ఇంట్లో గాలి స్తంభించిపోతుంది. "సంసారమా, వ్యాపారమా? నీదీ నాదీ అని లెక్కలేమిటి?" అంటారు. ఆయన జీతం ఆయన ఖాతాలో పడుతున్నప్పుడు, ఆయన ఎఫ్.డి. ఆయన పేరున ఉన్నప్పుడు ఈ ప్రశ్న ఎవరికీ తోచదు. ఆవిడ పేరు ఎత్తగానే సంసారం గుర్తొస్తుంది. సొమ్మొకడిది, సోకొకడిది అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇది ఆత్మగౌరవం గురించిన ఉపన్యాసం అనుకుంటున్నారేమో, కాదు. ముసలితనంలో మందుల ఖర్చు గురించి చెబుతున్నాను. ఆ దేశాల్లో మన టీచరుకి పెన్షన్ లేదు. యు.ఎ.ఇ.లో ఉద్యోగం మానేటప్పుడు గ్రాట్యుటీ అని ఒకటి ఇస్తారు. మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 21 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల జీతం. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ లెక్క వేసేది మూలవేతనం మీద, నెలనెలా చేతికొచ్చే మొత్తం మీద కాదు. నేను నవలలు రాసుకునేదాన్ని, లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. అయినా ఇది వేళ్ళ మీద వేయగలిగిన లెక్కే. నెలకి 4,000 దిర్హాములు ఇచ్చే చోట మూలవేతనం 2,000 అని రాసుకున్నారనుకోండి. ఎనిమిదేళ్ళు పనిచేస్తే ఐదేళ్ళకి 105 రోజులు, మూడేళ్ళకి 90, మొత్తం 195 రోజులు. అంటే ఆరున్నర నెలల మూలవేతనం, 13,000 దిర్హాములు. ఎనిమిదేళ్ళు గొంతు అరగదీసుకున్నందుకు అదీ మిగిలేది. ఉద్యోగంలో చేరేనాడు కాగితంలో మూలవేతనం ఎంతని రాశారో ఎంతమంది చూసుకుంటారు? ఆ కాగితాలు బీరువాలో పెట్టేది కూడా ఆయనే కదా.

పైగా ఆ నేల మీద ఏదీ శాశ్వతం కాదు. ఆయన ఉద్యోగం పోతే ఆయన వీసా మీద ఉన్న ఆవిడ వీసా కూడా పోయినట్టే. వెనకటివాళ్ళని అడగండి. 1970ల్లో నూనె డబ్బు పొంగినప్పుడు నైజీరియా వెళ్ళిన మన దేశపు టీచర్లు ఎందరో. 1985లో డాలరుకి ఒక్క నైరా కూడా అక్కర్లేదు. 1986లో మారకం విలువ వదిలేశారు. 1987కల్లా డాలరు కొనాలంటే నాలుగు నైరాలు కావలసొచ్చింది. అక్కడి బాంకుల్లోనే దాచుకున్నవాళ్ళ కష్టార్జితం కళ్ళముందే పావలా వంతయింది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు లక్షమందికి పైగా మనవాళ్ళు ఇల్లూ వాకిలీ, బాంకులో ఉన్నదీ అక్కడే వదిలి, అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాలెక్కి వచ్చారు. అలాంటి చోట సంపాదించిన డబ్బు ఎప్పటికప్పుడు ఇంటికి చేరాలి. ఇల్లు అంటే ఇక్కడ ఆవిడ ఖాతా అని అర్థం.

ఖాతా తెరవడం బ్రహ్మవిద్యేమీ కాదు. విదేశంలో ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళు ఇక్కడి పాత సేవింగ్స్ ఖాతాని అలాగే వాడుకోకూడదు, ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి. అక్కడి జీతం పంపుకోవడానికి ఎన్.ఆర్.ఇ. ఖాతా వేరే తెరవాలి. దాని మీద వడ్డీకి మన దేశంలో పన్ను లేదు, కావాలంటే డబ్బు మళ్ళీ బయటికి పంపుకోవచ్చు. ఇక్కడున్న అమ్మనో, అన్నయ్యనో జతచేసినా "ముందువారు లేదా బ్రతికినవారు" అన్న పద్ధతిలోనే చేరుస్తారు. ఆవిడ ఉన్నంతకాలం ఖాతా ఆవిడదే. ఇవన్నీ ఆయనకి తెలుసు. ఆయన ఖాతా అలాగే ఉంది మరి!

పుట్టింటికి పంపొద్దనో, అత్తగారి మందులకి ఇవ్వొద్దనో నేను అనడం లేదు. తన ఖాతాలోంచి తీసి ఇస్తే అది ఇవ్వడం. ఖాతాయే లేని మనిషి ఏమిస్తుంది? ఆవిడ డబ్బుతో ఆడపడుచు పెళ్ళి ఘనంగా జరిగితే పందిట్లో "మావాడు దుబాయి నుంచి పంపాడు" అంటారు. పంపినావిడ ఆ పక్కనే నిలబడి అక్షింతలు పంచుతూ ఉంటుంది.

చట్టం కూడా ఒకసారి తిరగేయండి. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం స్త్రీ సంపాదించుకున్న ఆస్తికి ఆవిడే సర్వహక్కుదారు. బాగుంది. అదే చట్టంలో తర్వాతి సెక్షను, 15వది, చదవండి. వీలునామా రాయకుండా ఆవిడ పోతే, అప్పటికి పిల్లలూ, భర్తా లేకపోతే, ఆవిడ సొంత సంపాదన ముందు వెళ్ళేది భర్త వారసులకి. ఆవిడని చదివించి, బీయెడ్ ఫీజు కట్టిన తల్లిదండ్రులు ఆ వరసలో వాళ్ళ తర్వాతే. మరిదిగారు ముందు, అమ్మ వెనక! ఇది తప్పించుకోవాలంటే ఓ తెల్లకాగితం మీద వీలునామా రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయిస్తే చాలు. స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు.

ఇదంతా చదివి "మా ఇంట్లో అలాంటి తేడాలు లేవండీ, అన్నీ ఇద్దరివీను" అని ఉత్తరం రాయబోయే సోదరీమణులున్నారని నాకు తెలుసు. సంతోషం, తప్పకుండా రాయండి. రాసేముందు బీరువా తెరిచి ఆ స్థలం దస్తావేజు బయటికి తీసి, "కొనుగోలుదారు" అన్నచోట ఎవరి పేరుందో చూసి మరీ రాయండి.